పాత టేబుల్ సా కొనవచ్చా? మోటారు కన్నా ముందు చూడవలసినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రాజమహేంద్రవరం దగ్గర మూతపడుతున్న ఒక కలప అడితిలో 12 అంగుళాల బ్లేడు పట్టే పోత ఇనుప టేబుల్ సా, అంటే బల్ల సందులోంచి బ్లేడు పైకి వచ్చి తిరిగే రంపం, అమ్మకానికి ఉంది. మోటారు 3 హార్స్‌పవర్, త్రీఫేజ్. అడుగుతున్నది 30,000 రూపాయలు. మీ ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. తలుపులు, మంచాలు, కొంత ప్లైవుడ్ పని చేద్దామని మీ ఉద్దేశం. దీన్ని కొనాలా, ఇంకొంత వేసుకుని కొత్త పోర్టబుల్ రంపం తీసుకోవాలా, కొంటే ఎలా చూసుకోవాలి?

సూటిగా చెబుతాను. బల్లకు పగులు లేకుండా, బ్లేడు బిగించే ఇరుసు అరగకుండా ఉంటే కొనండి. ఆ రెండింటిలో ఏది చెడినా ఉచితంగా ఇస్తామన్నా తెచ్చుకోవద్దు. మోటారు, బెల్టు, బేరింగులు, బ్లేడు, స్టార్టరు అన్నీ బజారులో దొరుకుతాయి, మార్చుకోవచ్చు. పగిలిన పోత బల్లను అతికించి మళ్లీ సమంగా గీయించే ఖర్చుకు ఇంకో పాత యంత్రమే వస్తుంది. బాగున్న యంత్రానికి కూడా, మీది సింగిల్ ఫేజ్ కాబట్టి, అడిగిన ధరలో సగం దాకా పైఖర్చు ఉంటుందనుకోండి. బేరం ఆ లెక్కతోనే మొదలుపెట్టండి.

కొత్త పోర్టబుల్ సంగతి ముందే తేల్చేద్దాం. ఇళ్లకు వెళ్లి అక్కడే ప్లైవుడ్ కోసే పనికి అదే మేలు. ఒక్కరే ఎత్తుకుని వెళ్లవచ్చు, ఫెన్సు (చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ) కచ్చితంగా ఉంటుంది, రక్షణ భాగాలు కంపెనీ నుంచే వస్తాయి. కానీ రోజంతా రెండంగుళాల టేకు, మద్ది బద్దలు చీరే పనికి అది పుట్టలేదు. దానిలో సాధారణంగా ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటారు. చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, గట్టి చెక్కలో త్వరగా వేడెక్కుతుంది. మీరు తలుపులు అన్నారు కాబట్టి పాత పోత ఇనుప యంత్రం వైపే నా మొగ్గు.

ఇక చూడడానికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి: ఒక మూరకు తక్కువ కాని నిఖార్సైన స్టీలు స్కేలు, ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకుల కట్ట), మూలమట్టం, టార్చి, కొంచెం కిరోసిన్, సుద్ద ముక్క, ఒక పాత గుడ్డ. చిన్న కదలికను కూడా ముల్లుతో చూపే డయల్ గేజి ఎవరి దగ్గరైనా అరువు దొరికితే మరీ మంచిది. లేత్ పనిచేసే వాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది.

బల్ల. కొత్తగా రంగు పూసి ఉంటే సంతోషించకండి, అనుమానించండి. మా ఊళ్లో ఒకాయన కొన్న యంత్రానికి కింది భాగమంతా నిగనిగలాడే ఆకుపచ్చ రంగు వేసి ఉంది. మోటారు బిగించే చోట పగిలిన పోతను పుట్టీతో పూడ్చి, దాని మీద ఆ రంగు కొట్టారని మొదటిసారి బెల్టు బిగించినప్పుడు తెలిసింది. పగులు పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. అనుమానమున్న చోట కిరోసిన్ రాసి, రెండు నిమిషాలు ఆగి, గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. తర్వాత సుద్ద పొడి రుద్దాలి. పగులు ఉంటే లోపలికి ఇంకిన కిరోసిన్ బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద నల్లటి గీతలా కనిపిస్తుంది. బ్లేడు తిరిగే సందు కొసల్లోనూ, బోల్టులు బిగించిన మూలల్లోనూ, బల్ల కింద పక్కటెముకల్లా ఉండే పోత పట్టీలు కలిసే చోట్లా ఇలా చూడండి. పోత ఎక్కువగా పగిలేది అక్కడే.

తర్వాత స్కేలును అంచు మీద నిలబెట్టి పొడవున, అడ్డంగా, రెండు మూలల మధ్యా పెట్టి కింద ఫీలర్ గేజి దూర్చి చూడండి. మొత్తం బల్ల మీద 0.3 మిల్లీమీటర్ల దాకా తేడా ఉన్నా వడ్రంగం పనికి ఇబ్బంది లేదు. బ్లేడు చుట్టుపక్కల గుంట పడి ఉంటే మాత్రం కోత ఎప్పుడూ నిక్కచ్చిగా రాదు. తుప్పు గురించి భయపడకండి. ఎర్రగా పైపైన పట్టిన తుప్పు ఒక పూట పనితో పోతుంది, అమ్మేవాడు మాత్రం దానికి భయపడే ధర తగ్గిస్తాడు. గుంటలు పడేలా తినేసిన తుప్పు వేరు, దాన్ని వేలితో తడిమితేనే తెలుస్తుంది.

ఇరుసు. బ్లేడు విప్పించండి, బెల్టు తీయించండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి. నట్టు విప్పేటప్పుడు ఎటు తిప్పాలో తెలియక చాలామంది మర పాడుచేస్తారు. సాధారణంగా బ్లేడు ఏ దిక్కుకు తిరుగుతుందో నట్టును ఆ దిక్కుకే తిప్పితే వదులవుతుంది. నడుస్తున్నప్పుడు నట్టు బిగిసేలా మర కోయడమే దీనికి కారణం.

ఇప్పుడు ఇరుసు కొసను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఏమాత్రం కదిలినా బేరింగులు పోయినట్టే. తర్వాత వేళ్లతో తిప్పండి. ఇసుక నలిగినట్టు గరగర వినిపించినా అదే అర్థం. దీనికి బెంగ అవసరం లేదు, ఇలాంటి యంత్రాల్లో ఉండేవి మామూలు బాల్ బేరింగులే, నంబరు చూపిస్తే ఏ దుకాణంలోనైనా ఇస్తారు. అసలు ప్రమాదం వేరు. బేరింగు బిగిసిపోయిన తర్వాత కూడా యంత్రాన్ని నడిపిస్తే లోపలి రింగు కదలకుండా నిలిచి ఇరుసే అందులో తిరుగుతుంది, ఇరుసు అరిగిపోతుంది. అప్పుడు కొత్త బేరింగు వేసినా వదులే. కొందరు అరిగిన చోట పంచ్‌తో గాట్లు కొట్టి బేరింగును బిగిస్తారు. బేరింగు పక్కన చుక్కలు చుక్కలుగా గాట్లు కనిపిస్తే ఆ పని జరిగిందని అర్థం. అది కొద్ది వారాల వైద్యమే. ఇరుసు కొత్తది చేయించాల్సిందే, కాబట్టి మొదట్లో చెప్పినట్టు అలాంటి యంత్రం వద్దు.

డయల్ గేజి ఉంటే బ్లేడు ఆనే చక్రం, అంటే ఫ్లాంజి, ముఖం మీద ముల్లు ఆనించి నెమ్మదిగా తిప్పండి. ముల్లు 0.03 మిల్లీమీటర్లలోపే ఆడితే బ్రహ్మాండం. ఇంత పట్టింపు ఎందుకంటే ఫ్లాంజి వ్యాసం 75 మిల్లీమీటర్లు, బ్లేడు 300 మిల్లీమీటర్లు అనుకుంటే ఫ్లాంజి అంచున ఉన్న తేడా బ్లేడు అంచు దగ్గర నాలుగింతలవుతుంది. ఇక్కడ 0.05 అంటే పళ్ల దగ్గర 0.2. కోసిన అంచు మీద వరసగా గీతలు పడుతున్నాయని బ్లేడును తిట్టుకునేవాళ్లలో సగం మందికి రోగం ఫ్లాంజిలోనే ఉంటుంది. కొన్నిసార్లు ఫ్లాంజి మీద గట్టిపడిన రంపపు పొట్టు, బంక గోకితే చాలు, తేడా మాయమవుతుంది. కాబట్టి కొలిచే ముందు తుడవండి.

బల్ల కదిలే రకమా, బ్లేడు కదిలే రకమా? మన దగ్గర తయారైన పాత యంత్రాల్లో కొన్నింటిలో బ్లేడు ఎత్తు మారదు, బల్లే పైకీ కిందికీ జరుగుతుంది. అలాంటిదైతే బల్ల జారే గాడి అరిగిందేమో చూడండి. బల్లను సగం ఎత్తులో బిగించి, ముందు అంచు మీద రెండు చేతులతో నొక్కండి. తల ఊపినట్టు ఊగితే గాడిలో వదులుంది. సర్దుబాటు పట్టీ ఉంటే సరిచేయవచ్చు, లేకపోతే కష్టం. ఈ రకానికి ఒక మంచి గుణం కూడా ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

మోటారు దగ్గరికి వద్దాం. మీ సందేహంలో ఎక్కువ భాగం దీని గురించే ఉంది.

నేమ్‌ప్లేటు ఫొటో తీసుకోండి. వేగం 1440 అని ఉందా, 2880 అని ఉందా? పుల్లీల వ్యాసాలు కొలిచి బ్లేడు వేగం లెక్కగట్టండి: మోటారు వేగాన్ని మోటారు పుల్లీ వ్యాసంతో హెచ్చించి ఇరుసు పుల్లీ వ్యాసంతో భాగించాలి. 1440 మోటారుకు 6 అంగుళాల పుల్లీ, ఇరుసుకు 3 అంగుళాలది ఉంటే బ్లేడు నిమిషానికి 2880 చుట్లు తిరుగుతుంది. 12 అంగుళాల బ్లేడు పళ్ల వేగం అప్పుడు సెకనుకు దాదాపు 46 మీటర్లు. కార్బైడ్ పళ్ల బ్లేడుకు 50 మీటర్లకు కొంచెం అటూ ఇటూ ఉంటే హాయిగా కోస్తుంది. పని త్వరగా తేలాలని పుల్లీ మార్చి వేగం పెంచేసిన యంత్రాలు అడితుల్లో కనిపిస్తుంటాయి. బ్లేడు మీద గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది, మీ లెక్క దాన్ని దాటకూడదు.

సింగిల్ ఫేజ్ చిక్కుకు మూడు దారులున్నాయి. విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టి త్రీఫేజ్ కనెక్షన్ తీసుకోవడం ఒకటి. దీన్నే బతుకుతెరువు చేసుకోబోతుంటే అదే శాశ్వత మార్గం. మోటారు తీసేసి సింగిల్ ఫేజ్ మోటారు వేయడం రెండోది. మూడోది వీఎఫ్‌డీ డ్రైవ్: సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే పెట్టె. నేను అభిరుచి కోసం పనిచేసేవాళ్లకు ఎక్కువగా ఇదే చెబుతాను, కానీ ఒక షరతు ఉంది. ఇలాంటి డ్రైవ్ బయటికి ఇచ్చేది 230 వోల్టుల త్రీఫేజ్ మాత్రమే. మీ మోటారు 415 వోల్టులది. మోటారు లోపలి తీగ చుట్లను కలిపే తీరులు రెండు: స్టార్, డెల్టా. మీ మోటారు స్టార్ కలపులో ఉండి, కనెక్షన్ పెట్టెలో ఆరు తీగల కొసలు ఉంటే డెల్టాకు మార్చి 230 వోల్టుల మీద పూర్తి శక్తితో నడపవచ్చు. మన దేశంలో 3 హార్స్‌పవర్ దాకా మోటార్లు సాధారణంగా స్టార్ కలపులోనే వస్తాయి కాబట్టి మీకు అదృష్టం కలిసి రావచ్చు. మూడు కొసలే బయటికి ఉంటే వైండింగ్ మేస్త్రీతో మిగతా మూడు తీయించాలి. కెపాసిటర్ వేసి త్రీఫేజ్ మోటారును సింగిల్ ఫేజ్ మీద తిప్పుతానని ఎవరైనా అంటే వద్దనండి. తిరుగుతుంది, కానీ శక్తి బాగా తగ్గి గట్టి చెక్కలో కాలుతుంది.

డ్రైవ్ పెడితే ఇంట్లో మామూలు ప్లగ్గుకు తగిలించకండి. పూర్తి బరువు మీద అది 20 ఆంపియర్ల దాకా లాగవచ్చు, మీటరు దగ్గర నుంచి విడిగా లైను, తగిన ఎమ్‌సీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటది ఆగిపోయే స్విచ్చు), మంచి ఎర్తింగ్ ఉండాలి. మోటారుకూ డ్రైవ్‌కూ మధ్య స్విచ్చు పెట్టకూడదు, ఆన్ ఆఫ్ అంతా డ్రైవ్ కంట్రోల్ తీగల ద్వారానే. ఆపే సమయాన్ని ఒకటి రెండు సెకన్లకు కుదించకండి, బ్లేడు హఠాత్తుగా ఆగితే నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట: కరెంటు పోయి వస్తే యంత్రం దానంతటది తిరగకూడదు. పాత రంపాలకు చాలాచోట్ల మామూలు మెయిన్ స్విచ్చు పెట్టి వదిలేస్తారు. కరెంటు పోతుంది, పనివాడు స్విచ్చు ఆపడం మరిచి టీకి వెళ్తాడు, లేదా అదే అదనని బ్లేడు పక్కన ఇరుక్కున్న ముక్క తీస్తుంటాడు. నాకు తెలిసిన ఒక వర్క్‌షాపులో సరిగ్గా ఇలాగే ఒక కుర్రాడి రెండు వేళ్ల కొనలు పోయాయి. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ ఆటలాడలేదు, కరెంటు వచ్చిందంతే. బటన్లతో పనిచేసే డీఓఎల్ స్టార్టరులో కాయిల్ ఉంటుంది. సరఫరా పోగానే అది వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు కదలదు. త్రీఫేజ్ తీసుకుంటే ఇది పెట్టించండి. డ్రైవ్ అయితే కరెంటు రాగానే తిరిగే సెట్టింగును మూసేసి, స్టార్ట్‌కు ఒకటి, స్టాప్‌కు ఒకటి నొక్కుడు బటన్లు వచ్చేలా తీగలు కలిపించండి. మోకాలితో నొక్కగలిగే చోట పెద్ద ఎర్ర బటన్ కూడా ఉండాలి.

రెండో రక్షణ బ్లేడు వెనక నిలబడే ఉక్కు రేకు. రైవింగ్ నైఫ్ అంటారు. మీరు చూడబోయే యంత్రానికి అది ఉండదని దాదాపు పందెం కాయవచ్చు. బ్లేడు ముందు భాగంలో పళ్లు చెక్కను కిందికి నొక్కుతాయి, వెనక భాగంలో పైకి లేస్తాయి. కోత మూసుకుపోయి చెక్క వెనక పళ్లను పట్టిందంటే అది అంతే వేగంతో మీ పొట్ట మీదికి వస్తుంది. జామాయిల్ దీనికి పెట్టింది పేరు. చెట్టులో ఉన్న బిగువు కోయగానే విడుదలై, బద్దలు కళ్లముందే వంగి దగ్గరికొస్తాయి. ఉక్కు రేకు ఆ సందును మూసుకోనివ్వదు. రేకు మందం బ్లేడు పలక కన్నా ఎక్కువ, కోత వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. పలక 2.2, కోత 3.2 మిల్లీమీటర్లైతే 2.6 సరిపోతుంది. బ్లేడు పళ్లకు 3 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో, బ్లేడుతో ఒకే వరుసలో నిలవాలి.

బల్ల కదిలే రకానికి మంచి గుణం ఉందన్నాను కదా, అది ఇక్కడే. ఆ యంత్రంలో బ్లేడు స్థిరం కాబట్టి రేకును చట్రానికే బోల్టులతో బిగించేస్తే బల్లను ఎంత ఎత్తినా, దించినా బ్లేడుకూ రేకుకూ మధ్య దూరం మారదు. ఫ్యాబ్రికేషన్ షాపులో ఒక రోజు పని. బ్లేడు కదిలే రకంలో ఇరుసుతో పాటు లేచే బిగింపు కావాలి, అది కొంచెం తెలిసినవాళ్లే చేయగలరు.

ఈ మధ్య అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు సామానుతో పాటు తెచ్చుకున్న రంపాలు కూడా అమ్మకానికి కనిపిస్తున్నాయి. మీకు కాకపోయినా ఇది చదివే ఇంకొకరికి పనికొస్తుంది. అవి 120 వోల్టులవి, నేరుగా మన ప్లగ్గులో పెడితే క్షణాల్లో కాలిపోతాయి, తగినంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇరుసు మందం కూడా అంగుళంలో 5/8 వంతు. మన బజారులో ఎక్కువగా దొరికే బ్లేడుల రంధ్రాలు 25.4, 30 మిల్లీమీటర్లవి. ఇంటి దగ్గర రేకు చుట్టి రంధ్రం సర్దుకునే పని మాత్రం చేయవద్దు.

కొన్నారనుకుందాం. తెచ్చేటప్పుడు మోటారును ముందే దింపేయండి. కింద వేలాడే మోటారు గతుకుల్లో ఊగి పోత బ్రాకెట్‌ను విరిచేస్తుంది. బల్ల కొసలు పట్టుకుని ఎత్తనివ్వకండి.

ఇంటికి వచ్చాక మొదటి పని వరుస కలపడం. బ్లేడు మీద ఒక పంటికి గుర్తు పెట్టండి. ఆ పన్ను ముందున్నప్పుడు బల్ల పైన పొడవునా ఉన్న గాడి నుంచి ఎంత దూరం, అదే పన్నును వెనక్కి తిప్పాక ఎంత దూరం కొలవండి. రెండింటి మధ్య తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. ఒకే పన్నుతో కొలవడం వల్ల బ్లేడు వంకర లెక్కలోకి రాదు. తర్వాత ఫెన్సును బ్లేడుకు సమాంతరంగా పెట్టండి. తప్పదనుకుంటే వెనక కొస వెంట్రుకవాసి బయటికి ఉండవచ్చు, లోపలికి మాత్రం ఎప్పుడూ ఉండకూడదు. పాత యంత్రాల ఫెన్సులు రెండు కొసల్లో సరిగా బిగియవు. కష్టపడి దాన్ని బాగుచేసే బదులు నిటారైన టేకు బద్దను రెండు సి క్లాంపులతో బిగించుకుని కొన్నాళ్లు పని చేయండి, ఆ తర్వాత తీరిగ్గా కొత్తది చేయించుకోవచ్చు.

బల్లకు తుప్పు తీయడానికి కిరోసిన్, సన్నని ఎమెరీ కాగితం చాలు. శుభ్రంగా తుడిచాక మైనం రుద్ది గుడ్డతో మెరుగు పెట్టండి. చెక్క జారుడుగా పోతుంది, తేమ పట్టదు. గోదావరి గాలికి వానాకాలంలో నెలకోసారి ఈ పని చేయక తప్పదు. సిలికాన్ స్ప్రేలు వాడవద్దు, ఆ జిడ్డు చెక్కకు అంటుకుని తర్వాత పాలిష్ పట్టదు. ఎత్తు మార్చే మరలకు గ్రీజు కూడా వద్దు. గ్రీజులో రంపపు పొట్టు కలిసి రెండు నెలల్లో తారులా గట్టిపడుతుంది. బ్రష్షుతో దులిపి మైనమో గ్రాఫైట్ పొడో పూయండి.

బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా లోపలికి వెళ్లాలి. అంతకన్నా బిగిస్తే బేరింగులు తింటుంది. రెండు పుల్లీల ముఖాల మీద దారం లాగి పట్టి చూడండి, నాలుగు చోట్లా తాకితే వరుస కుదిరినట్టు.

బ్లేడు విషయంలో పిసినారితనం పనికిరాదు. నిలువుగా చీరడానికి తక్కువ పళ్లది, ప్లైవుడ్‌కు ఎక్కువ పళ్లది, కనీసం రెండు ఉంచుకోండి. 12 అంగుళాల్లో చీరుడుకు 24 నుంచి 36 పళ్లు, ప్లైవుడ్, లామినేట్‌కు 80 నుంచి 96. టేకులో సిలికా ఉంటుంది, పదును త్వరగా తింటుంది. చెక్క అంచు నల్లగా మాడుతున్నా, మునుపటికన్నా గట్టిగా తోయాల్సి వస్తున్నా వెంటనే సానకు పంపకండి, ముందు కడగండి. వేడినీళ్లలో చాకలి సోడా కలిపి కాసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే పళ్ల మీది బంక ఊడుతుంది. చాలాసార్లు అంతటితోనే కోత కుదుటపడుతుంది. కాస్టిక్ సోడా నేను వాడను. కార్బైడ్ ముక్క ఒక్కటి ఊడినా ఆ బ్లేడును పక్కన పడేయండి.

చేతి తొడుగులు, కండువా, లుంగీ, పొడుగు చేతుల చొక్కా యంత్రం దగ్గర వద్దు. బ్లేడుకూ ఫెన్సుకూ మధ్య సందు జానెడు కన్నా తక్కువైతే చెయ్యి కాదు, తోపుడు కర్ర వెళ్లాలి. ఫెన్సు ఆధారం లేకుండా గీత చూసుకుంటూ చేత్తో తోయడం అసలే వద్దు. పొట్టును తేలిగ్గా తీసుకునేవాళ్లు మనలో ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో 1995లోనే చేర్చింది. ఎన్95 మాస్కు పెట్టుకోండి, వీలైతే బల్ల కింద పొట్టు లాగే గొట్టం కూడా.

బేరం దగ్గర ఒక సంగతి. యంత్రాన్ని నడిపించి చూపించమని అడిగేటప్పుడు ఖాళీగా కాదు, మీరు తెచ్చిన రెండంగుళాల గట్టి చెక్కను చీరించి చూడండి. ఆపేశాక బ్లేడు ఎంతసేపు తిరిగి ఆగుతుందో, ఆగే ముందు ఏ చప్పుడు వస్తుందో వినండి. ఆ తర్వాత మోటారు మీదా, బేరింగుల మీదా చెయ్యి పెట్టి వేడి చూడండి. ఇవన్నీ కుదిరితే 30,000 మీద బేరింగులు, స్టార్టరు, ఉక్కు రేకు ఖర్చు చూపించి తగ్గించమనండి. మూతపడుతున్న అడితి కాబట్టి స్థలం ఖాళీ చేయాల్సిన తొందర వాళ్లకే ఉంటుంది.

మోటారు నేమ్‌ప్లేటు, కనెక్షన్ పెట్టె లోపలి భాగం, బేరింగులు కనిపించేలా ఇరుసు, ఈ మూడు ఫొటోలు ఇక్కడ పెట్టండి. స్టార్ కలపా కాదా, డ్రైవ్ ఎంతది కావాలి, పుల్లీ మార్చాలా అన్నది చూసి చెబుతాను. బయానా మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.